మూత పట్టని కాగితపు పెట్టె

ప్రశ్న: మా అమ్మాయి పుట్టినరోజుకు వచ్చే పిల్లలకు సున్నుండలు పెట్టి ఇవ్వడానికి జపాను వారి మాసు అనే చతురస్రపు కాగితపు పెట్టెలను ఇంట్లోనే మడుస్తున్నాను. చార్టు కాగితం మడత దగ్గర పగిలి లోపలి తెలుపు కనబడుతోంది. మూతకూ అడుగుకూ ఒకే కొలత తీసుకున్నందువల్ల కాబోలు, మూత ఎక్కడం లేదు. తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1: అడుగు కాగితాన్ని మూత కాగితం కంటే 5 మిల్లీమీటర్లు తగ్గించండి. నాలుగు మూలలనూ మధ్యకు మడిచి, ఆపై అంచులను మధ్యగీతకు తెచ్చే ఈ పద్ధతిలో పెట్టె భుజం కాగితం భుజంలో దాదాపు 35 శాతం, ఎత్తు అందులో సగం వస్తుంది కనుక, ఏ4 కాగితం నుండి కత్తిరించిన 21 సెంటీమీటర్ల చతురస్రానికి పెట్టె సుమారు 7.4 సెంటీమీటర్లే అవుతుంది. చిన్న ఉండలైతే నాలుగు పడతాయి. అన్నట్టు, మాసు అంటే జపానులో బియ్యం కొలిచే చెక్క పాత్ర, మన సోల, మానిక లాంటిదే.

సమాధానం 2: యంత్రంపై తయారైన దళసరి కాగితం దాని నార వరస (లోపలి పీచు సాగిన దిశ) వెంబడి సాఫీగా మడత పడుతుంది, అడ్డంగా మడిస్తే పగిలే అవకాశం ఎక్కువ, ఈ పెట్టెకు అన్ని దిక్కులా మడతలుంటాయి కనుక దళసరి చార్టు పనికిరాదని నా అభిప్రాయం. 80 నుండి 100 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) రంగు కాగితం తీసుకోండి. చార్టే వాడాలనుకుంటే, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు వెంబడి గట్టిగా గీసి, ఆ గాడిలోనే మడిచి, చెంచా వీపుతో రుద్దండి.

ప్రశ్న అడిగినవారు: 20.5 సెంటీమీటర్ల అడుగుకు మూత చక్కగా పట్టింది. నెయ్యి మరక అంటకుండా లోపల బటర్ పేపర్ పరుస్తున్నాను.