పదేళ్లు నడవాల్సిన ప్రాజెక్టు: జావానా, డాట్‌నెట్టా?

గోపాల్‌పూర్ గాలి:
నమస్తే అండీ. మాది బరంపురం, 14 మంది టీము. ఇన్నాళ్లూ చిన్న చిన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు చేసుకుంటూ వచ్చాం. ఇప్పుడు గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో కలిపి 130 కౌంటర్లున్న ఒక ఎరువుల వ్యాపారి స్టాకు, బిల్లింగ్, లెక్కలు అన్నీ ఒకే చోటికి తెమ్మంటున్నాడు. పదేళ్లు నడవాలట. మా వాళ్లలో సగం మందికి జావా, సగం మందికి డాట్‌నెట్‌లో వాడే సీ షార్ప్ వచ్చు. టీ కొట్టు దగ్గర కూడా ఇదే గొడవ. టూల్స్ డబ్బిచ్చి కొనాలా, ఫ్రీవి సరిపోతాయా? బిల్లు మీద రైతు పేరు ఒడియాలో పడాలి, అదొకటి.

పర్లాకిమిడి పాతకాపు:
రెండింటిలో ఏది తీసుకున్నా మునిగిపోరు గురూ. డాట్‌నెట్ అంటే విండోస్ సర్వరే కావాలన్న మాట 2016లో లినక్స్ మీద కూడా నడిచే డాట్‌నెట్ కోర్ వచ్చినప్పుడే పోయింది. లైసెన్సులు మాత్రం కూర్చుని చదవండి. కోడు రాసుకునే విజువల్ స్టూడియోలో కమ్యూనిటీ ఎడిషన్ చిన్న కంపెనీలో ఐదుగురి వరకే ఫ్రీ, మీకు సీ షార్ప్ వాళ్లు ఏడుగురు, అంటే ఇద్దరు ఎక్కువ. మైక్రోసాఫ్ట్‌దే ఇంకో ఎడిటర్ వీఎస్ కోడ్ ఫ్రీయే కదా అంటారు, అందులో వేసుకునే సీ షార్ప్ డెవ్ కిట్‌కి మళ్లీ ఇదే షరతు. జావా వైపు, దాని సొంతదారు ఒరాకిల్ సబ్‌స్క్రిప్షన్ కొనాల్సి వస్తే 2023 జనవరి నుంచి కంపెనీలో ఎంతమంది ఉద్యోగులుంటే అంతమందికీ లెక్క కడుతున్నారు, గోడౌన్ గుమాస్తాతో సహా! టెమురిన్ లాంటి ఓపెన్ జేడీకే, అంటే ఫ్రీగా దొరికే జావా కిట్, వేసుకుంటే ఆ తలనొప్పి లేదు. కోడు రాయడానికి ఇంటెలిజే ఐడియాలో మామూలు ఫీచర్లు, లైబ్రరీలు తెచ్చి ప్రోగ్రాం కట్టే మావెన్, కోడు మార్పులు దాచే గిట్, ఆ పనులు దానంతటదే నడిపే జెన్కిన్స్ అన్నీ ఫ్రీయే.

ఇంకోటి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు, నెట్ అసలే లేదు. జనరేటర్ పెట్టి కూర్చుంటే ఎవరి మెషీన్లోనూ బిల్డ్ అవ్వదు, అంటే కోడు ప్రోగ్రాంగా తయారవ్వదు, లైబ్రరీలన్నీ నెట్ నుంచి దిగాలి కదా. చివరికి ఒక కుర్రాడి ల్యాప్‌టాప్‌లో మావెన్ దించిన లైబ్రరీలు దాచే డాట్ ఎం2 ఫోల్డర్‌ని పెన్‌డ్రైవులోకి ఎక్కించి అందరికీ పంచాం. ఆ తర్వాత ఆఫీసులోనే ఒక పాత సిస్టమ్ మీద నెక్సస్ అనే లైబ్రరీల గోడౌన్ లాంటి సాఫ్ట్‌వేర్ పెట్టాం, లైబ్రరీ ఒకసారి దిగితే అక్కడే ఉంటుంది. మీరు మొదటి వారంలోనే పెట్టుకోండి.

రాయగడ ప్యాసింజర్:
పాతకాపు గారు ఒడియా సంగతి వదిలేశారు. మేం దెబ్బతిన్నది అక్కడే. పాత పీడీఎఫ్ లైబ్రరీలకు అక్షరాలు కలపడం రాదు. ఒడియాలో ఏత్వం అక్షరానికి ఎడమ పక్కన రావాలి, అది కుడి పక్కకి పోయి మహేశ్ అన్న పేరు, ఒత్తు కిందికి దిగకుండా విడిగా నిలబడి కృష్ణ అన్న పేరు బిల్లు మీద ఎవరికీ అర్థం కాని వ్రాతలయ్యాయి. డెమోలో అన్నీ ఇంగ్లిష్ పేర్లే కాబట్టి ఎవరూ పట్టుకోలేదు, డెలివరీ అయ్యాక రైతులు కౌంటర్ మీదికి వచ్చారు. ఇప్పుడు మేం హెచ్‌టీఎంఎల్ పేజీ తయారు చేసి, సర్వర్లో క్రోమ్‌తోనే పీడీఎఫ్ చేయిస్తున్నాం, చక్కగా వస్తోంది. భాష తేల్చుకునే ముందే మహేశ్, కృష్ణ అన్న పేర్లతో ఒక బిల్లు ప్రింటు తీసి చూడండి.

పర్లాకిమిడి పాతకాపు:
అవును, మర్చిపోయాను. ఎల్‌టీఎస్ కూడా చూసుకోండి, అంటే ఎక్కువ కాలం సపోర్టు ఇస్తామనే వెర్షన్. డాట్‌నెట్‌లో ఒక ఎల్‌టీఎస్‌కి సపోర్టు మూడేళ్లే, పదేళ్లలో మూడు నాలుగు సార్లు మారాలి. జావాలో 17, 21 లాంటి వాటికి ఇంకొంచెం ఊపిరి ఉంటుంది. ఆ ఖర్చు అగ్రిమెంటులో ఇప్పుడే రాయించుకోకపోతే తర్వాత మీ జేబులోంచే. ఇంతకీ మీరు వెళ్లిపోయాక దాన్ని చూసుకునేదెవరు?

గోపాల్‌పూర్ గాలి:
మాస్టారూ, ఆ ప్రశ్న మేం అడగనేలేదు. ఇందాకే ఫోన్ చేశాను, ఆ వ్యాపారి దగ్గర సిస్టమ్స్ చూసే ఇద్దరికీ జావానే వచ్చట. ప్రింటు కూడా తీశాం, మా పాత లైబ్రరీలో మహేశ్ నిజంగానే చెదిరిపోయాడు. సీ షార్ప్ వాళ్లకి రేపు నేనే చెప్పాలి, టీ ఖర్చు కూడా నాదే.