తెల్లవారుజామున హార్బర్‌లో ఫొటోలు తీయడానికి మొదటి లెన్స్ ఏది?

నమస్తే అండీ. మాది విశాఖ. మొదటి కెమెరా కొనబోతున్నాను. నాకు బాగా తీయాలని ఉన్నది ఫిషింగ్ హార్బర్‌లో పొద్దు పొడవకముందు సాగే చేపల వేలం పాట.

స్నేహితుడి పాత ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) డీఎస్ఎల్ఆర్ కెమెరా తీసుకెళ్లి, దానితో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌తో ప్రయత్నించాను. 50 మి.మీ. దగ్గర ఎఫ్/5.6 (ఈ అంకె ఎంత తగ్గితే లెన్స్‌లోకి అంత ఎక్కువ వెలుతురు), ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందన) 6400 పెట్టినా షట్టర్ వేగం 1/30 సెకను దాటలేదు. రొయ్యలు ఏరుతున్న ఆవిడ చేతులు పూర్తిగా బ్లర్. వెనకున్న బోటు మీద నంబరు మాత్రం స్పష్టంగా వచ్చింది, అంటే కెమెరా కదల్లేదు. స్టెబిలైజేషన్ (కెమెరా వణుకును సర్దేది) ఆన్‌లోనే ఉంది, కదిలే చేతులకు అదేం సాయం చేయదు కదా. ఐఎస్ఓ 12800 చేస్తే వంజరం ఒంటి మీద మెరుపంతా గ్రెయిన్‌లో పోయింది.

50 ఎఫ్/1.8 అడిగి తెచ్చుకుని ఎఫ్/2లో తీస్తే, ఐఎస్ఓ 6400లోనే 1/250 వచ్చింది. చేతులు నిలిచాయి! కానీ గంపల మధ్య వెనక్కి జరిగే చోటుండదు. మనిషి ఫ్రేములో పడితే బోటు పడదు.

బాడీ కానన్ ఆర్50 అనుకున్నాను. షాపులో దాని 18-45 కిట్ చాలంటున్నారు, కానీ అది ఎఫ్/4.5-6.3, మళ్లీ అదే ఇబ్బంది. ఇప్పట్లో ఒక్క లెన్సే కొనగలను. సిగ్మా 18-50 ఎఫ్/2.8 అయితే నా లెక్కన 1/125 వస్తుంది, ఫ్రేము మార్చుకోవచ్చు. సిగ్మా 23 ఎఫ్/1.4 అయితే 1/500 దాకా వెళ్లొచ్చు, కానీ జూమ్ ఉండదు.

ఇలాంటి వెలుతురులో పనిచేసే మనుషుల్ని తీసినవాళ్లు దయచేసి చెప్పండి: ఈ రెండింటిలో మొదట ఏది కొనమంటారు?