ఫ్రాస్ట్ పద్యమే ఎడ్వర్డ్ థామస్‌ను యుద్ధానికి పంపిందా?

ప్రశ్న (తిరుపతి లెక్చరర్):
ఇక్కడ ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను. అమెరికన్ కవి రాబర్ట్ ఫ్రాస్ట్ ‘ది రోడ్ నాట్ టేకెన్’ చెప్పినప్పుడల్లా ‘నలుగురూ వెళ్లని దారిలో వెళ్లాలి’ అని పిల్లలు పరీక్షలో రాసేస్తారు. అందుకే ఈసారి ఆ పద్యం వెనకున్న స్నేహం గురించి చెప్పాను. ఆయన స్నేహితుడైన ఇంగ్లండ్ రచయిత ఎడ్వర్డ్ థామస్ ఫ్రాస్ట్‌తో కలిసి నడిచేటప్పుడు, ఏ దారిన వెళ్లినా, అటు వెళ్లుంటే ఇంకా మంచివి చూపించేవాణ్ణే అని బాధపడేవాడట. ఆ అలవాటు మీద సరదాగా రాసి ఫ్రాస్ట్ 1915లో ఆయనకు పంపాడు. థామస్ అందులో సరదా చూడలేదు, తన తటపటాయింపును ఎత్తిపొడిచినట్టు తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న ఆ జులైలోనే సైన్యంలో చేరాడు, 1917 ఏప్రిల్ 9న ఫ్రాన్స్‌లో అరాస్ దగ్గర చనిపోయాడు.

చంద్రగిరి నుంచి వచ్చే ఒకమ్మాయి లేచి, “అంటే ఫ్రెండు రాసిన పద్యమే ఆయన్ని చంపిందా మేడమ్?” అంది. అవుననడానికి మనసు రాలేదు. సోమవారం మళ్లీ అదే క్లాసు. ఏం చెప్పమంటారు?

జవాబు (చిత్తూరు పాఠకుడు):
కాదనే చెప్పండి మేడమ్. పద్యం గుచ్చుకున్న మాట నిజమే, కానీ యుద్ధానికి వెళ్లాలా వద్దా అన్న మథనం అంతకు ముందునుంచే ఉంది. 1914 నవంబరులో ఇద్దరూ నడుస్తుంటే వేట అడవుల కాపలాదారు ఒకడు తుపాకీ చూపించి బెదిరించాడు. ఫ్రాస్ట్ ఎదురు తిరిగాడు, థామస్ వెనక్కి తగ్గాడు. ఆ సిగ్గు ఆయన్ని చాలాకాలం వదల్లేదు.

ఇంకోటి కూడా చెప్పండి. అప్పటిదాకా థామస్ పొట్టకూటికి వచనం, పుస్తక సమీక్షలు రాసేవాడు. నీ వచనంలోనే కవిత్వముంది, దాన్నే పద్యంగా రాయి అని వెంటపడింది ఫ్రాస్టే. 1914 డిసెంబరులో మొదలుపెట్టి రెండేళ్లలో నూట నలభైకి పైగా పద్యాలు రాశాడు. ఆ స్నేహం ఆయనకిచ్చింది ఇదీ. చావు లెక్క ఒక్కటే చెప్తే అన్యాయం.

జవాబు (మదనపల్లె, రిటైర్డ్ ఆర్టిలరీ):
అమ్మా, నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాదు, తోపుల దళంలో పనిచేశాను. అందుకని ఈ ఒక్క సంగతి. ఆయన చేరినప్పుడు వయసు 37, పెళ్లాం, ముగ్గురు పిల్లలు. బ్రిటన్‌లో అప్పటికి నిర్బంధ సైనిక సేవ లేదు, అది 1916లో వచ్చింది. చేరాక ఇంగ్లండ్‌లోనే ఎసెక్స్ క్యాంపులో మ్యాపులు చదవడం నేర్పే పని. అందులోనే ఉండిపోవచ్చు, ప్రాణానికి ఢోకా లేదు. అయినా ఆర్టిలరీకి మారి, ఫ్రాన్స్ వెళ్తానని తనే ముందుకొచ్చాడు. చనిపోయింది అబ్జర్వేషన్ పోస్టులో. పద్యం చదివిన ఊపులో చేరాడనుకున్నా, ఏడాది పైన గడిచాక ఆ ఊపు ఎక్కడుంటుంది? బాగా ఆలోచించుకుని వేసిన అడుగులివి. ఆ పాపకు ఇలా చెప్పండి, ఆయన నిర్ణయాన్ని ఆయనకే వదిలేయండి.

తిరుపతి లెక్చరర్:
సార్, మీ మాట మీ మాటగానే క్లాసులో చెప్తాను. చిత్తూరు సార్ చెప్పిన కాపలాదారు సంగతి కూడా. థామస్ కవితల పుస్తకం ఆయన పోయాక 1917లోనే వచ్చింది, అంకితం ఫ్రాస్ట్‌కే. ఫ్రాస్ట్ తర్వాత స్నేహితుణ్ణి తలచుకుంటూ ‘టు ఇ.టి.’ రాశాడు. అది సిలబస్‌లో లేదు, అయినా సోమవారం ‘ది రోడ్ నాట్ టేకెన్’నూ దాన్నీ పక్కపక్కన పెట్టి చదివిస్తాను.