కుండపెంకు పైన కాల్షియం, ఫాస్ఫరస్ రీడింగులు నిలకడగా రావట్లేదు

మట్టిగంప:
తవ్వకంలో దొరికిన పెంకులను చేతి ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతో (ఎక్స్‌రే తగిలిస్తే మూలకాలు తిరిగి వదిలే కిరణాలను కొలిచేది) చూస్తున్నాం. ఒకే కుండ ముక్కలు రెండు. ఒకదాంట్లో కాల్షియం, ఫాస్ఫరస్ రెండోదానికి దాదాపు రెట్టింపు. రుబీడియం, జిర్కోనియం మాత్రం ఇంచుమించు ఒకటే. కడిగి ఆరబెట్టి, పైభాగం మీదే 60 సెకన్లు పెడుతున్నాం. రెండు రకాల మట్టి వాడారనుకోవచ్చా?

పెంకులమూట:
అనుకోకండి. మట్టే వేరైతే రుబీడియం, జిర్కోనియం కూడా మారే అవకాశం ఎక్కువ. భూమిలో ఉన్నన్నాళ్లూ నీటితో పాటు పెంకు రంధ్రాల్లోకి దిగేవి కాల్షియం, ఫాస్ఫరస్. పైగా వాటి కిరణాలు వంద మైక్రాన్ల లోపు నుంచే బయటికి రాగలవు. జిర్కోనియానివి దాదాపు మిల్లీమీటరు లోతు నుంచి వస్తాయి. అంటే కాల్షియం విషయంలో మీరు కొలిచింది కుండను కాదు, పైన పట్టిన పొరను.

అంచు కొంచెం విరిచి, కొత్త ముఖాన్ని చదునుగా అరగదీసి, దుమ్ము దులిపి, 5 చోట్ల 120 సెకన్ల చొప్పున చూడండి. యంత్రం కిటికీ (కిరణాలు వెళ్లొచ్చే రంధ్రం) 8 మి.మీ., పెంకు మందం 5 మి.మీ. అయితే విరిచిన ముఖంతో కిటికీ నిండదు, అంకెలు పడిపోతాయి, కిరణాన్ని సన్నం చేసే 3 మి.మీ. కొలిమేటర్ పెట్టాలి. కిటికీ కింద పెద్ద ఇసుక గింజ పడితే సిలికాన్ ఎగబాకుతుంది. రోజూ మొదట్లో, చివర్లో నిస్ట్ 679 ఇటుకమట్టి ప్రమాణాన్ని (కూర్పు ముందే తెలిసిన అమెరికా ప్రమాణాల సంస్థ నమూనా) చదవండి.

మట్టిగంప:
పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో నానబెట్టి ఆ కాల్షియం తీసేస్తే?

సన్నముక్క:
వద్దు. కుమ్మరి గవ్వపొడో సున్నపురాయి పొడో కలిపి ఉంటే అదీ పోతుంది, మళ్లీ రాదు. విరిగిన చిన్న పలుకు మీద 10 శాతం యాసిడ్ ఒక్క చుక్క వేసి భూతద్దంతో చూడండి. నురగ పగుళ్ల వెంటే వస్తే తర్వాత చేరినదని అనుమానించాలి, అంతే. తేల్చేది 30 మైక్రాన్ల సన్నముక్కే, అంటే గాజుపలక మీద అంత పలచగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూసే పెంకు పొర. రంధ్రాల గోడలకు కాల్షైట్ (కాల్షియం కార్బొనేట్ ఖనిజం) అస్తరులా పట్టి ఉంటే అది భూమిలో చేరింది. మట్టి మధ్యలో కోసుగా, విడిగా ఉన్న గింజలైతే కుమ్మరి కలిపినవే కావచ్చు. రసాయన పరీక్షకు ముందే ఇది చేయించడం మేలు.

పెంకులమూట:
తర్వాత ఐసీపీ-ఎంఎస్‌కు (పొడిని కరిగించి అతి తక్కువ మూలకాలనూ కొలిచే ల్యాబ్ పరీక్ష) పంపేట్టయితే టంగ్‌స్టన్ కార్బైడ్ డ్రిల్ వాడకండి, టంగ్‌స్టన్, కోబాల్ట్ పొడిలో కలుస్తాయి. పైపొర గీకేసి అకీకు (అగేట్ రాయి) రోట్లో నూరండి. మామూలు ఆమ్లాల్లో జిర్కాన్ (జిర్కోనియం ఉండే ఖనిజం) గింజలు పూర్తిగా కరగవు, జిర్కోనియం, హాఫ్నియం తక్కువ చూపిస్తాయి. లిథియం బోరేట్‌తో కరిగించమని ల్యాబ్‌కు ముందే చెప్పాలి. ఇంకొకటి, ఇసుక ఎక్కువ కలిపిన కుండలో మిగతా మూలకాలన్నీ పలచబడతాయి. అందుకే శాతాలు కాకుండా ఒక మూలకానికి ఇంకో మూలకంతో ఉన్న నిష్పత్తుల లాగరిథమ్‌లు పోల్చండి.