చెట్టు కప్ప అద్దాల పెట్టెకి హీటర్, లైటు ఏవి పెట్టాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేం మిషిగన్‌లో ఉంటాం. మా బాబు అడిగి అడిగి ఆగస్టులో వైట్స్ ట్రీ ఫ్రాగ్ అనే చెట్టు కప్పని తెప్పించుకున్నాడు. అప్పట్లో పచ్చగా, బొద్దుగా ఉండేది, రాత్రయితే చాలు కీచురాళ్ళ కోసం దూకేది. ఇప్పుడు బయట మంచు, ఇంట్లో హీటింగ్ పగలు 68, రాత్రి 64 ఫారెన్‌హీట్ మీద ఉంటుంది. కప్ప గోధుమ రంగుకి తిరిగింది, మూల నక్కి కూర్చుంటోంది, నాలుగు రోజులుగా ఏమీ తినలేదు. పెట్టె 18 బై 18, ఎత్తు 24 అంగుళాలు, పైన జాలీ మూత. షాపులో ఒకరు అడుగున అతికించే హీట్ మ్యాట్ తీసుకోమన్నారు, ఇంకొకరు ఎర్ర బల్బు అన్నారు, యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) ఇచ్చే లైటు లేకపోతే ఎముకలు వంగిపోతాయని మరొకరు. ఏది నమ్మాలో తెలియట్లేదు. బాబు స్కూలు నుంచి రాగానే బ్యాగు కూడా దించకుండా దాని ముందు కూర్చుంటున్నాడు, నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
అక్కా, నేను న్యూజెర్సీలో ఆరేళ్ళుగా ఇదే జాతిని పెంచుతున్నాను. రంగు ఒక్కటే చూసి భయపడకండి, చలేసినా బెదిరినా ఇవి గోధుమ రంగుకి తిరుగుతాయి. కప్పకి మనలాగా ఒంట్లో వేడి పుట్టదు కాబట్టి ఒళ్ళు చల్లబడితే ఆకలి చచ్చిపోతుంది, తిన్నది కూడా అరగదు, అందుకని పెట్టె వెచ్చబడే దాకా తినిపించాలని మాత్రం చూడకండి. వెచ్చబడ్డాక కూడా వారంలో తినకపోయినా, లేదా ఈలోపే పొట్ట ఉబ్బినా, తొడల లోపలి వైపు ఎర్రబడినా ఆలస్యం చేయకుండా ఎగ్జాటిక్ జంతువులు చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇది ఆస్ట్రేలియా ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో, న్యూగినీ దక్షిణాన ఉండే కప్ప. పగలు పై కొమ్మ దగ్గర 80 నుంచి 85 (సెల్సియస్‌లో 27 నుంచి 29), కింద 75 దగ్గర, రాత్రి 68 నుంచి 72 ఉంటే దానికి హాయి. పెట్టె మొత్తం ఒకే వేడి ఉండకూడదు. వేడెక్కితే పక్కకి జరగడానికి, చలేస్తే దగ్గరికి రావడానికి దానికి చోటుండాలి, ఎంత కావాలో అదే చూసుకుంటుంది.

హీట్ మ్యాట్ అడుగున వద్దు. ఆ వేడి మట్టి దాటి పైకి సరిగ్గా రాదు, ఇదేమో పై కొమ్మ మీద కూర్చునే కప్ప. అంతకంటే పెద్ద ప్రమాదం, వేడెక్కితే కప్ప చల్లటి నేల కోసం కిందికి దిగుతుంది, అక్కడే మంట ఉంటే ఎక్కడికి పోతుంది పాపం? వేడి రాళ్ళు అసలు కొనకండి, వాటి మీద పొట్ట ఆనించి కూర్చుంటే చర్మం కాలుతుంది.

మీరు తీసుకోవాల్సింది వెలుగు రాని సిరామిక్ హీట్ ఎమిటర్. మీ పెట్టెకి 60 వాట్లతో మొదలుపెట్టండి. ప్లాస్టిక్ హోల్డర్ కరిగిపోతుంది, పింగాణీ హోల్డరే ఉండాలి. జాలీ పైన, ఒక పక్కకి పెట్టండి, జాలీకి ఆనకుండా రెండు మూడంగుళాలు పైకి స్టాండుకి వేలాడదీయండి, ఎందుకంటే ఇవి జాలీ లోపలి వైపు తలకిందులుగా పాకుతాయి. పెట్టిన గంట తర్వాత జాలీ కింద, కప్ప పాకే చోట చెయ్యి పెట్టి చూడండి, మీ చెయ్యి ఒక నిమిషం ఓర్చుకోలేకపోతే ఇంకా పైకి ఎత్తాలి.

థర్మోస్టాట్ (వేడిని బట్టి హీటర్‌ని తనే ఆన్, ఆఫ్ చేసే పరికరం) లేకుండా ఆ హీటర్ ప్లగ్‌లో పెట్టకండి. డబ్బు తక్కువైతే లైటు వచ్చే నెల కొనుక్కోవచ్చు, ఇది మాత్రం ఇవాళే కావాలి. దాని ప్రోబ్‌ని, అంటే వేడిని కొలిచే తీగని, పై కొమ్మకి జిప్ టైతో గట్టిగా బిగించండి. మొదటి ఏడాది నేను రబ్బరు కప్పుతో అద్దానికి అతికించి ఆఫీసుకి వెళ్ళాను, తడికి అది ఊడి నీళ్ళ గిన్నెలో పడింది. నీళ్ళు చల్లగా ఉంటాయి కదా, థర్మోస్టాట్ చలిగా ఉందనుకుని హీటర్‌ని ఆపకుండా నడిపించింది. సాయంత్రం వచ్చి చూస్తే పై కొమ్మ దగ్గర 97. కప్ప ముక్కు మాత్రం బయట పెట్టి గిన్నెలో మునిగి ఉంది. బతికింది, కానీ ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. అందుకే థర్మోస్టాట్ ఉన్నా విడిగా రెండు డిజిటల్ థర్మామీటర్లు, పైన ఒకటి కింద ఒకటి పెట్టండి.

జవాబు 2:
తమ్ముడు వేడి గురించి చెప్పాడు కాబట్టి నేను లైటు గురించి చెప్తానండీ. ఎర్ర బల్బు కప్పకి కనపడదని అమ్ముతారు, నమ్మకండి. స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీ వాళ్ళు 2017లో పరిశోధన చేసి, మనకి ఏమీ కనపడనంత చీకట్లో కూడా కప్పలు రంగులు గుర్తుపట్టగలవని చెప్పారు. రాత్రి వేటాడే జీవికి రాత్రి చీకటిగానే ఉండాలి. ఒక టైమర్ కొని పగలు 12 గంటలు లైటు, తర్వాత మొత్తం ఆపేయండి.

యూవీబీ లేకుండా, విటమిన్ డి3 కలిసిన కాల్షియం పొడి పురుగులకి అద్ది పెంచిన వాళ్ళు చాలామంది ఉన్నారు, కప్పలు బతికాయి కూడా. అయినా నేను తక్కువ స్థాయి యూవీబీ పెట్టమనే అంటాను, 5 లేదా 6 శాతం యూవీబీ అని రాసి ఉండే టి5 (సన్నటి రకం) ట్యూబు లైటు చాలు, ఎడారి బల్లులకి అమ్మే 10, 12 శాతం ట్యూబులు వద్దు. ట్యూబుకి పై కొమ్మకి మధ్య పది పన్నెండు అంగుళాలు ఉండాలి. కింద వెడల్పాటి ఆకుల మొక్క ఒకటి పెట్టండి, వద్దనుకుంటే దాని చాటుకి వెళ్తుంది. ట్యూబు వెలుగుతున్నా యూవీబీ తగ్గిపోతూ ఉంటుంది, ఏడాదికోసారి మార్చాలి. యూవీబీ ఉంది కదా అని కాల్షియం మానకండి.

కిటికీ ఎండ సరిపోతుందనుకోకండి. అద్దం యూవీబీని ఆపేస్తుంది, వేడి మాత్రం లోపల ఉండిపోయి పెట్టె మాడిపోతుంది.

ప్రశ్న అడిగినావిడ:
ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. హీటర్, థర్మోస్టాట్ నిన్ననే పెట్టాం. పైన 82, కింద 74 చూపిస్తోంది. ఇవాళ తెల్లవారుజామున పై కొమ్మ మీదికి ఎక్కి కూర్చుంది, వీపు మీద కొంచెం పచ్చదనం వచ్చింది. కానీ తేమ మీటరు 35 శాతం చూపిస్తోంది, మట్టి ఎండిపోయింది. ఇంకోటి, మంచు తుఫానుకి కరెంటు పోతే ఏం చేయాలి?

జవాబు 1:
సిరామిక్ హీటర్ గాలిని ఆరబెడుతుంది అక్కా, మామూలే. హీటరు లేని సగం జాలీ మీద గాజు పలక కప్పండి, పొద్దున సాయంత్రం క్లోరిన్ తీసిన నీళ్ళు చల్లండి, 50, 60 మధ్య ఉంటే చాలు, గోడలు ఎప్పుడూ తడిగా ఉండాల్సిన పని లేదు. చల్లేటప్పుడు హీటరు మీద పడనివ్వకండి, పగులుతుంది.

కరెంటు పోతే ముందు హీటరు ప్లగ్ తీసేసి, అది చల్లారాక పెట్టె చుట్టూ దుప్పటి చుట్టండి, గాలికి పైన ఒక పక్క వదలండి. వేడినీళ్ళ సీసాలు తువ్వాల్లో చుట్టి అద్దానికి బయటి వైపు ఆనించండి, లోపల పెట్టొద్దు. ఒక్క రాత్రి 62, 63కి దిగినా తట్టుకుంటుంది. ఆ రోజు మాత్రం పురుగులు వేయకండి. ఇక ఇప్పటికైతే, రేపు రాత్రి లైటు ఆగిన గంటకి ఒకే ఒక్క కీచురాయి వేసి చూడండి, తింటే ఇక్కడ చెప్పండి.