పాటిదిబ్బ తవ్వకాల్లో మధ్యలో మట్టిగోడలు ఎందుకు వదులుతారు?

చేనుగట్టు (ప్రశ్న):
మా ఊరి పాటిదిబ్బ (పాత ఊరు ఉండిన దిబ్బ) మీద తవ్వకాలు జరుగుతున్నాయి. నేలను చదరాలుగా కొలిచి తాళ్లు కట్టారు. గుంటకూ గుంటకూ మధ్య మనిషి నడిచేంత మట్టిగోడ వదిలేస్తున్నారు. తాపీతో, బ్రష్షుతో గీకుతూ గంటలకొద్దీ కూర్చుంటున్నారు. కుండ పెంకు కనిపించినా ముట్టుకోనివ్వరు. మా తాతల కాలం నుంచి ఆ పాటిమన్ను బండ్లకెత్తి చేలకు తోలుతున్నాం. అందులో ఇంతగా చూడవలసింది ఏముంది?

గీతలబడి:
నేను తవ్వకాల్లో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. ఆ గోడల మీది పొరలను కాగితం మీదికి ఎక్కించడమే నా ఉద్యోగం.

ఇల్లు కూలుతుంది, దాన్ని చదును చేసి మరో ఇల్లు కడతారు, వరద వచ్చి ఒండ్రు పరుస్తుంది. ఒక్కొక్కటీ ఒక్కో పొర. గుంటలోకి దిగుతున్నకొద్దీ ఆ పొరలను మనమే తీసేస్తాం. అవి వరుసగా మిగిలేది పక్కగోడ మీదే. 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో అప్పటి పురావస్తు శాఖ అధిపతి మార్టిమర్ వీలర్ ఇలా పొరలవారీగానే తవ్వించారు. ఇటలీ నుంచి వచ్చిన ఎర్రటి పాత్రల కాలం ముందే తెలుసు. వాటితో పాటు ఒకే పొరలో దొరికిన మన కుండలకూ ఆ కాలమే కట్టగలిగారు. పెంకును ఎవరైనా జేబులో వేసుకుని తరువాత తెచ్చిస్తే, అది ఏ పొరదో ఇక ఎవరూ చెప్పలేరు.

ఇక తాపీ సంగతి. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్‌ది కాదు) పెద్ద బూడిద దిబ్బ ఉంది. అలాంటి దిబ్బలు కర్ణాటకలోనూ చాలా ఉన్నాయి. హంపి దగ్గర నింబాపురంలో ఉన్నదాన్ని వాలిని దహనం చేసిన చోటు అంటారు. 1957లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు రేమండ్ ఆల్చిన్ ఉట్నూరులో తవ్వితే, గుంజలు పాతిన గుంతలు వరుసగా బయటపడ్డాయి, బూడిదలో పశువుల గిట్టల గుర్తులు కూడా. నాలుగు వేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి అది! పేరుకున్న పేడ కాలి ఆ దిబ్బ ఏర్పడింది.

గుంజ ఎప్పుడో చివికిపోయింది. ఆ గుంతలో నిండిన మట్టి రంగు మాత్రం చుట్టూ ఉన్న మట్టికి వేరుగా ఉంటుంది. తాపీ అంచుతో పలచగా గీస్తే గుండ్రని మచ్చ తేలుతుంది. గునపం ఒక్క దెబ్బకు అది పోతుంది. ఆ గుంతలనూ ఆ గిట్టల గుర్తులనూ ఏ మ్యూజియంలోనూ అద్దాల పెట్టెలో పెట్టలేరు, కానీ దొడ్డి సంగతి చెప్పింది అవే. నాకు బంగారు నాణెం కన్నా అలాంటి మచ్చ ఎక్కువ.

తెల్లసుద్ద:
మట్టిని సంచుల్లో కూడా నింపుతారు, గమనించారా? దాన్ని నీళ్లలో వేసి కలిపితే మాడిన గింజలు పైకి తేలుతాయి. అప్పట్లో ఉలవలు తిన్నారో కొర్రలు తిన్నారో వాటిని బట్టి తెలుస్తుంది. బొగ్గు ముక్కలను, వాటి వయసు తెలుసుకోవడానికి, కార్బన్ పరీక్షకు పంపుతారు.

చేనుగట్టు:
అయితే మేము తోలుకుపోయిన మన్నులో ఎన్ని పోయాయో! ఇకమీదట ఏదైనా కనిపిస్తే ఏం చేయాలి?

గీతలబడి:
మీ తాతలకు ఎవరూ చెప్పలేదు, వాళ్ల తప్పేమీ లేదు. ఇప్పుడు మాత్రం కదపకండి, కడగకండి. పక్కన స్కేలు పెట్టి, ఉన్నచోటే ఫోనులో ఫొటో తీసి తహసీల్దారుకు తెలియజేయండి. నాణేల వంటి నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే ఉంది. వీలైతే గోడను చెక్కి నీళ్లు చిలకరించినప్పుడు వెళ్లి చూడండి. పొరల రంగులు అప్పుడే బాగా విడిపడతాయి. అక్కడివాళ్లను అడిగితే ఒక్కో పొరా చూపించి చెబుతారు.