పురిటి బిడ్డకు బెడ్‌సైడ్ క్రిబ్ కొనాలా, చీర ఉయ్యాల చాలా?

కావలి నుంచి, కాబోయే నాన్న

అందరికీ నమస్కారం. నా భార్యకు మే రెండో వారంలో డేట్ ఇచ్చారు. మాకు తొలి కాన్పు. పురుడు కనిగిరిలో, వాళ్ల పుట్టింట్లో. బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలన్న దాని మీద ఇంట్లో మూడు మాటలు నడుస్తున్నాయి. మా అత్తగారు దూలానికి చీర ఉయ్యాల కడతానంటున్నారు. మా అమ్మేమో పురిటి బిడ్డ తల్లి పక్కలోనే ఉండాలంటోంది. నా భార్యకు మంచానికి ఆనించి పెట్టుకునే బెడ్‌సైడ్ క్రిబ్ కావాలని ఉంది. ఆన్‌లైన్‌లో నేను చూసినవి తొమ్మిది నుంచి పన్నెండు వేలు ఉన్నాయి. డబ్బు గురించి కాదు నా టెన్షన్. రాత్రి అందరూ నిద్రపోయాక బిడ్డ క్షేమంగా ఉండాలి, అంతే. వాడినవాళ్లు, వద్దనుకున్నవాళ్లు ఇద్దరూ చెప్పండి.

ఒంగోలు, పది నెలల పాప అమ్మ

కొనండి తమ్ముడూ. నాది సిజేరియన్. మన రాష్ట్రంలో వంద కాన్పుల్లో 42 ఆపరేషన్లేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉంది, కాబట్టి ఈ మాట చాలామందికి పనికొస్తుంది. కుట్లు పచ్చిగా ఉన్న ఆ పది పదిహేను రోజులు మంచం మీంచి లేవాలంటే ముందు ఒక పక్కకు ఒరగాలి, మోచేతి మీద బరువు వెయ్యాలి, అప్పుడు కాళ్లు కిందికి దించాలి. పాప రాత్రికి ఐదారుసార్లు లేచేది. క్రిబ్ పక్కనే ఉండటంతో చెయ్యి చాపి తీసుకునేదాన్ని, పాలిచ్చి మళ్లీ అక్కడే పడుకోబెట్టేదాన్ని. మా అమ్మను నిద్ర లేపాల్సిన పని ఉండేది కాదు.

కానీ కొనే ముందు మంచం కొలుచుకోండి. మేం ఆ పని చెయ్యలేదు. మాది టేకు డబ్బా మంచం, పరుపు చుట్టూ చెక్క అంచు రెండంగుళాలు పైకి ఉంటుంది. క్రిబ్ ఒక పక్క గోడ దించి ఆనిస్తే, క్రిబ్ పరుపుకూ మా పరుపుకూ మధ్య ఆ చెక్క అడ్డం. పైగా నున్నటి టైల్స్. మూడో రాత్రి నేను కాలు చాపినప్పుడు క్రిబ్ జరిగింది. తెల్లవారుజామున చూస్తే సందులో నా నాలుగు వేళ్లు పట్టాయి, పాప పొత్తిగుడ్డ అంచు అందులోకి జారి వేలాడుతోంది. పాప అవతలి పక్కకు ఉంది కాబట్టి సరిపోయింది. ఆ గుడ్డ అలా వేలాడుతుండటం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. సందులో టవల్ కుక్కాం. పిల్లల డాక్టరు గారు అది ఇంకా ప్రమాదం, ముఖం దాంట్లో కూరుకుపోతుందని కోప్పడ్డారు. ఆ తర్వాత దించిన గోడ పైకి లేపేసి, నాలుగు గోడలతోనే మంచం పక్కన పెట్టుకున్నాం. అయినా చెయ్యి అందేది.

ఆత్మకూరు, నలుగురు పిల్లల తల్లి, ఆరుగురికి అమ్మమ్మ

నాయనా, నేను నలుగురిని చీర ఉయ్యాల్లోనే పెంచా. మెత్తటి పాత నూలు చీర, గాలి ఆడుతుంది. మేలో కనిగిరి ఎండకు, కరెంటు పోయిన రాత్రి, నీ ప్లాస్టిక్ పెట్టెలో బిడ్డకు చెమట పోస్తుంది. రాత్రికి నేల మీద చాప, దాని మీద దుప్పటి మడత, తల్లీ బిడ్డా పక్కపక్కన. కింద పడే భయం లేదు. బిడ్డ కదిలితే తల్లికి మెలకువ వస్తుంది. నోరు వెతుక్కునేలోగా పాలు అందుతాయి. ఏడ్చేదాకా ఆగే పనే లేదు. పన్నెండు వేలు పోసి బిడ్డను తల్లి నుంచి దూరం పెట్టడం నాకు నచ్చలేదు. ఇంకో మాట, పురిటి బిడ్డను వెల్లకిలా పడుకోబెడితే పాలు కక్కినప్పుడు పొరబోతుంది. పక్కకు తిప్పి, వీపుకు చిన్న దిండు ఆనించాలి.

దర్శి, ఇద్దరు పిల్లల నాన్న

పెద్దమ్మ ఉద్దేశం వేరు గానీ, కొనడం దండగ అన్న మాటతో నేనూ ఏకీభవిస్తాను. మన వైపు మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డల్ని అత్తారింటికి పంపుతారు. క్రిబ్ ఎక్కడ కొంటారు? కనిగిరిలోనా, కావలిలోనా? బిడ్డ బోర్లా పడగానే, చేతుల మీద లేవబోగానే క్రిబ్ ఆపెయ్యాలని కంపెనీ పుస్తకంలోనే ఉంటుంది. మా వాడు బోర్లా పడ్డాడని ఇంట్లో బొబ్బట్లు పంచిన రోజే దాన్ని అటక ఎక్కించాం. వాడింది నాలుగున్నర నెలలు. ఆ డబ్బుతో గదికి మంచి ఫ్యాన్, ఇన్వర్టర్ పెట్టించుకుంటే మేలు.

ఒంగోలు, పది నెలల పాప అమ్మ

అన్నా, ఆ నాలుగున్నర నెలలే కదా అసలు భయం ఉండేది! నిద్రలో హఠాత్తుగా శిశువులు చనిపోవడం ఎక్కువగా జరిగేది మొదటి ఆరు నెలల్లోనే. తక్కువ రోజులు వాడతాం కాబట్టి దండగ అనడం నాకు సరిగ్గా అనిపించలేదు. మాది ఇప్పుడు మా ఆడపడుచు కొడుక్కి వెళ్లింది. మడత పెడితే కారు డిక్కీలో పట్టింది.

నెల్లూరు, నవజాత శిశువుల వార్డులో నర్సు

పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. అమ్మమ్మ గారి మాటలో సగం నాకు చాలా నచ్చింది, సగం భయం వేసింది. రెండూ చెబుతాను.

ముందు నచ్చింది. బిడ్డ తల్లికి దగ్గరగా ఉండాలి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022లో ఇచ్చిన సూచనల్లోనూ ఇదే ఉంది: కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, వాళ్ల పక్కకు దగ్గరగా, కానీ బిడ్డకు విడిగా తన పక్క ఉండాలి. చాప కూడా మంచిదే, నేల గట్టిగా, చదునుగా ఉంటుంది. తల్లి చాప పక్కనే బిడ్డకు ఇంకో చిన్న చాప వేసి, బిగువుగా ఒక దుప్పటి పరిస్తే అదే క్రిబ్. దూది పరుపు వద్దు, అది కుంగుతుంది. బిడ్డ రెండున్నర కిలోల కన్నా తక్కువ పుట్టినా, నెలలు నిండకుండా పుట్టినా, ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగినా ఒకే పక్కలో పడుకోవడం ఇంకా ప్రమాదం. ఇక సోఫాలో బిడ్డను గుండెల మీద వేసుకుని కునుకు తియ్యడం అన్నిటికన్నా ప్రమాదం.

ఇప్పుడు భయం. చీర ఉయ్యాల్లో బిడ్డ నడుము దగ్గర వంగి, గడ్డం వెళ్లి ఎదకు ఆనుతుంది. పుట్టిన బిడ్డ తల బరువు, మెడకు బలం ఉండదు, గాలిగొట్టం సన్నం. గడ్డం వంగితే ఆ దారి మడత పడుతుంది. శ్వాస ఆడకపోతే బిడ్డ ఏడవలేదు. ఎవరికీ వినపడదు. బయటికి హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. అందుకే అమెరికాలో 2022లో చట్టం చేసి, పది డిగ్రీలకు మించి వాలుగా ఉండే పడకలను, క్రిబ్ చుట్టూ కట్టే మెత్తల్ని అమ్మకుండా నిషేధించారు. మన దగ్గర ఆ మెత్తలు ఇంకా సెట్టులో కలిపి అమ్ముతున్నారు. వస్తే తీసి పక్కన పడెయ్యండి.

పొరబోవడం గురించి ప్రతి అమ్మా అడుగుతుంది. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు గాలిగొట్టంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. బోర్లా పడుకుంటే గాలిగొట్టమే కిందికి వస్తుంది. పక్కకు తిప్పి పడుకోబెడితే బిడ్డ దొర్లి బోర్లా అయిపోవచ్చు, వీపుకు పెట్టిన దిండు మొహం మీదికి రావచ్చు. బిడ్డల్ని వెల్లకిలా పడుకోబెట్టమని అమెరికాలో 1994లో పెద్ద ప్రచారం మొదలుపెట్టాక, తర్వాతి కొన్నేళ్లలో ఈ హఠాన్మరణాలు సగానికి తగ్గాయి. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా నిద్రలో వద్దు. మెలకువగా ఉన్నప్పుడు రోజూ కాసేపు మీ కళ్లముందు బోర్లా వెయ్యండి, తల చదునైపోదు.

పొదిలి, వడ్రంగి పని

నాకూ ఇలాంటివి చెయ్యమని ఆర్డర్లు వస్తున్నాయి కాబట్టి ఒక మాట. చెక్కతో చేయించుకుంటే కమ్మీకీ కమ్మీకీ మధ్య సందు ఆరు సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే ఒళ్లు జారి తల ఇరుక్కుంటుంది. పాతకాలం ఉయ్యాలల్లో చాలావాటికి సందు ఎక్కువే, ఇంట్లో ఉందని తెచ్చి వాడొద్దు. పరుపు లోపల బిగుతుగా పట్టాలి, అంచున రెండు వేళ్లు దూరితే వెనక్కి ఇచ్చెయ్యండి. ఇక నవారు మంచానికి బెడ్‌సైడ్ క్రిబ్ ఆనించే ఆలోచన అసలు పెట్టుకోవద్దు. తల్లి పడుకోగానే నవారు కుంగుతుంది, క్రిబ్ ఎత్తుగా మిగులుతుంది. ఎంత బిగించి కట్టినా సందు వస్తుంది.

ఆత్మకూరు, అమ్మమ్మ

నర్సమ్మా, గాలిగొట్టం సంగతి నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. పక్కకు తిప్పడం ఇక మానిపిస్తా. మా చిన్నకూతురికి ఏడో నెల, ఆమెకూ చదివి వినిపించా. కానీ చీర ఉయ్యాల పూర్తిగా వద్దంటే ఒప్పుకోను. పగటిపూట పక్కన మనిషి కూర్చుని, మొహం చూస్తూ ఊపి, నిద్ర పట్టగానే తీసి చాప మీద వేస్తే?

నెల్లూరు, నర్సు

అమ్మా, నన్నడిగితే మెడ నిలబడేదాకా అది కూడా వద్దంటాను. ఊపే మనిషికీ కునుకు పడుతుంది, వంటింట్లో పాలు పొంగుతాయి. ఒళ్లో వేసుకుని ఊపండి, జోల మీ నోట వింటే చాలు బిడ్డకు.

ఆత్మకూరు, అమ్మమ్మ

ఇరవై ఒకటో రోజు ఉయ్యాల్లో వెయ్యకుండా ఎట్లా తల్లీ? ఆ వేడుక ఒక్కటీ మాత్రం చేస్తాం. కాసేపే. నాయనా కావలి అబ్బాయీ, నువ్వు ఏది కొన్నా కాన్పు కాకముందే తెచ్చి ఇంట్లో ఖాళీగా పెట్టొద్దు. మీ అత్తగారి మనసు కష్టపడుతుంది.

కావలి నుంచి, కాబోయే నాన్న

అందరికీ దండాలు. నిన్న ఆదివారం టేపు తీసుకుని కనిగిరి వెళ్లొచ్చా. నా భార్య పడుకునేది నవారు మంచమే. పొదిలి అన్న చెప్పినట్టు ఆమెను పడుకోమని కొలిస్తే మూడంగుళాలు కుంగింది. కాబట్టి ఒక పక్క గోడ దించే క్రిబ్ ఆలోచన మానుకున్నాం. నాలుగు గోడలూ వలతో ఉండి గాలి ఆడే మామూలు క్రిబ్ ఒకటి చూశాం. మంచం పక్కనే, చెయ్యి అందేంత దూరంలో పెడతాం. చక్రాలకు లాక్ ఉంది. దాంతో వచ్చే దిండు, మెత్తలు వాడం.

నర్సు గారు చెప్పింది అత్తగారికి ఫోన్లో చదివి వినిపిస్తుంటే, గడ్డం ఎదకు ఆనుతుందన్న దగ్గర ఆమె ఆగి, మళ్లీ చదవమన్నారు. చీర దూలానికి కట్టనన్నారు, ఇరవై ఒకటో రోజుకు తప్ప. మా అమ్మ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. విడిగా పడుకోబెడితే బిడ్డ ఉలిక్కిపడుతుందనే అంటోంది. పురుడయ్యాక ఆమె కూడా పది రోజులు అక్కడే ఉంటుంది, అప్పుడు చూడాలి.

క్రిబ్ ఇప్పుడు మా పక్కింటివాళ్ల గదిలో, అట్టపెట్టె విప్పకుండా ఉంది. ఒక్క అనుమానం మిగిలింది. కనిగిరిలో దోమలు ఎక్కువ. గొడుగు దోమతెర క్రిబ్ లోపల పెడితే బిడ్డ మొహం మీదికి జారుతుందేమోనని భయంగా ఉంది. పైనుంచి కప్పి బయట బిగించి కట్టినవాళ్లు ఉంటే ఎట్లా కట్టారో చెప్పండి.